పామర్ కోఠి అప్పు



1991వ సంవత్సరమున మన దేశపు ఖజానాలో విదేశ ద్రవ్యము కొలది వారముల దిగుమతులకు మాత్రమే చాలునంత మిగిలెను. ఆ జూలై మాసమున సుమారు 47 టన్నుల బంగారము లండను నగరమందలి బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండునకు కుదువసొమ్ముగా పోయెను. 1998లో ఆంధ్రప్రదేశ ప్రభుత్వము ప్రపంచ బ్యాంకు వద్ద ఆర్థిక సంస్కరణముల పేర నొక అప్పును, 1999లో విద్యుచ్ఛక్తి సంస్కరణముల పేర మరియొక అప్పును తెచ్చెను. 2000లో కరెంటు చార్జీలు పెరిగెను. ఆ యాగస్టు 28వ తేదీన హైదరాబాదు బషీరుబాగులో కాల్పులు జరిగి ప్రాణములు పోయెను. బోరుబావి నీటితో బ్రదుకు నల్లగొండ, పాలమూరు రైతులకు ఈ సంగతిని వేరుగ జెప్ప నక్కరలేదు. అప్పటినుండి పెద్దలు కొందరు, "దూరదేశపు షావుకారు మన సర్కారునకు అప్పిచ్చి, మన యింటి లెక్కలలోనికి వచ్చుట ఈ కాలపు వింతయే గదా" యని యనుచుందురు. కాదు. ఇన్నూరేండ్లకు పూర్వమే ఈ రాజ్యమున అట్టి షావుకారు వెలసెను. అతని కోఠి హైదరాబాదులో రెసిడెన్సీ భవనమునకు చేరువ నుండెను. ఆ కోఠి కథయే నేటి ప్రసంగ విషయము.

ఈ కథలో అప్పు వ్రాసియిచ్చినది దర్బారు. దానిని తీర్చినది జొన్నచేను. అయినను నే నిందు ముఖ్యముగ జెప్పదలచినది అంతమాత్రము గాదు. ఎక్కువ మిత్తి పుచ్చుకొను ఋణదాతనుండి విడిపింతునని తక్కువ మిత్తి ఋణదాత యొకడు వచ్చెను. మొదటివాడు రొక్కము పట్టుకొనిపోయెను. రెండవవాడు నేలను పట్టుకొనెను. ఈ రెండవ సంగతి మన చరిత్ర పుస్తకములలో రాజకీయ ప్రకరణమున జేరి, మొదటిది వర్తక ప్రకరణమున జేరుటచేత రెంటికి గల లంకె మరుగుపడినది.

మొదట దర్బారు స్థితిని కొంచెము తెలిసికొనవలెను. 1798, 1800 సంవత్సరముల సంధులచే నిజాము ఇంగ్లీషు కంపెనీ సైన్యమును తన రాజ్యమున నిలుపుకొనుట కంగీకరించెను. ఆ సైన్యపు ఖర్చు క్రింద బళ్లారి, కడప మొదలగు సీమలను 1800లో కంపెనీకి వదలుకొనెను. వానినే మనము దత్తమండలములని యంటిమి. అంతటితో సైన్యపు ఖర్చు తీరినదని యనుకొనిరి. కాని రెసిడెంటు హెన్రీ రస్సెల్ కాలమున సంధిలో లేని మరియొక సైన్యము బయలుదేరెను. తొలుత దానిని రస్సెల్ బ్రిగేడనిరి, పిమ్మట కంటింజెంటనిరి. ఇంగ్లీషు సర్దారులు, ఇంగ్లీషు కవాతు, ఇంగ్లీషు జీతములు. ఖజానా మాత్రము నిజాముది. దానికి సాలీనా రమారమి 40 లక్షల రూపాయలు కావలసివచ్చెను.

అప్పటి నిజాము సికందర్ జా రాజకార్యములందు విముఖుడై యుండెను. దివాను మునీరుల్ ముల్కు పేరునకే దివాను. అధికారమంతయు 1806 మొదలు పేష్కారు రాజా చందూలాల్ చేతిలో నుండెను. చందూలాల్ కవి, దాత, మాటనేర్పరి. రాత్రింబవళ్లు కచేరీలో గూర్చుండి పనిచేసినవాడు. ఆయన మీద నిందలు చాలగలవు గాని సోమరియని యెవరును వ్రాయలేదు. ఆయన పదవి రెసిడెంటు దయమీద నిలిచియుండెను. రెసిడెంటు దయ కంటింజెంటు జీతముమీద నిలిచియుండెను. కావున నెల గడిచెనా, ఎచ్చటినుండి యైనను రొక్కము రావలయును.

రొక్కము తెచ్చి యిచ్చినవాడు విలియం పామర్. పేరు పామరుడే గాని పని పండితునిది. 1780లో బుట్టిన యితడు జనరల్ పామరను ఇంగ్లీషు సర్దారునకు ఫైజ్ బక్ష్ అను ముసల్మాను స్త్రీయందు గలిగిన కుమారుడు. చదువు ఇంగ్లండులో, కొలువు నిజాము సైన్యములో. పారసీ వ్రాత, దర్బారు మర్యాద, దొరల సంగతి మూడును తెలిసినవాడు. కొలువు చాలించుకొని 1814లో విలియం పామర్ అండ్ కంపెనీ యను కోఠిని స్థాపించెను. గోదావరి యొడ్డునగల యడవుల కలప వ్యాపారము, ప్రత్తి వ్యాపారము ఆ కోఠి తొలి పనులు. దానిని కేవలము దొరల కోఠి యనుకొనరాదు. బంకటీదాసను గుజరాతీ షావుకారు అందు భాగస్థుడు. రెసిడెన్సీ వైద్యుడొకడు భాగస్థుడు. రెసిడెంటు రస్సెలునకు సయితము లోలోపల ప్రయోజనము గలదని పిమ్మట తేలినది.

ఇంగ్లీషువారు స్వదేశ సంస్థానాధిపతులకు అప్పులియ్యరాదని 1797లో ఇంగ్లండు పార్లమెంటు చట్టమొకటి చేసియుండెను. అంతకు పూర్వము ఆర్కాటు నవాబునకు మద్రాసు దొరలిచ్చిన అప్పుల రోత యింకను మరువలేదు. అయితే ఆ చట్టమునందే, గవర్నరు జనరలు అనుమతి యున్నచో ఇయ్యవచ్చునను తలుపు నొకదానిని తెరచియుంచిరి. పామర్ కోఠి 1816లో ఆ తలుపు గుండా ప్రవేశించెను. అప్పటి గవర్నరు జనరలు హేస్టింగ్సు ప్రభువు. ఆయన పెంచి పెద్దచేసిన పిల్లను వివాహమాడిన సర్ విలియం రంబోల్డ్ దొర 1815లో కోఠిలో భాగస్థుడై చేరెను. ఇంతకంటె వివరము వలయునా?

ఈ రంబోల్డు పేరును కొంచెము జ్ఞప్తియందుంచుకొనుడు. ఇతని తాత సర్ థామస్ రంబోల్డ్ 1778 మొదలు 1780 వరకు మద్రాసు గవర్నరు. ఉత్తర సర్కారుల నిమిత్తము కంపెనీ నిజామునకు ఏటేట చెల్లించవలసిన పేష్కషును మానుమని నిజామును కోరి, ఆయన ఆగ్రహమునకు గురియైనవాడు. తాత యడిగి పొందలేకపోయినదానిని మనుమని అప్పు ఎట్లు సాధించెనో ముందు చూతము.

కోఠికి పెట్టుబడి యెచ్చటిది? సముద్రము దాటి వచ్చినది కొంచెమే. హైదరాబాదు, సికందరాబాదులలోని ఇంగ్లీషు సర్దారులు తమ జీతములలో మిగిలిన సొమ్మును నూటికి 12 మిత్తికి కోఠిలో దాచుకొనిరి. ఆ జీతములు వచ్చినది నిజాము ఖజానానుండి. కోఠి ఆ సొమ్మునే మరల నిజాము ఖజానాకు నూటికి 25 మిత్తికి ఇచ్చెను. అనగా దర్బారు చెల్లించిన జీతమే తిరిగి దర్బారునకు అప్పై వచ్చెను. మన యూళ్లలో ఒకని గాదెలోని గింజలను వానికే నాగునకు పెట్టినట్లున్నది.

ఔరంగాబాదు ప్రాంతపు గుఱ్ఱపు దండునకు జీతములిచ్చు కరారు ఇందుకు మంచి నిదర్శనము. కోఠి నెలకు 2 లక్షలు దండునకు ఇయ్యవలెను. అందులకై సాలీనా 30 లక్షలు వచ్చు తాలూకాల రాబడిని కోఠి పేర వ్రాసిరి. పండ్రెండు నెలలకు ఇచ్చినది 24 లక్షలు, వచ్చునది 30 లక్షలు. ఆ కాలమున షావుకార్లందరును ఇంచుమించు ఇట్టి మిత్తియే పుచ్చుకొనుచుండిరి. ఈ విషయమున పామర్ నొక్కనినే దూషించుట న్యాయము గాదు. భేదమేమనగా, ఊరి షావుకారు అప్పు మునిగినచో దర్బారు గుమ్మమున గూర్చుండి యేడ్చువాడు. పామర్ కోఠి వెనుక రెసిడెంటు నిలుచుండెను. రెసిడెంటు వెనుక పటాలము నిలుచుండెను. నష్టభయము లేని అప్పునకు నష్టభయముగల అప్పు మిత్తి పుచ్చుకొనుటయే ఆ కోఠి గొప్ప.

తాలూకా రాబడిని ఇట్లు ఒకరి పేర వ్రాసియిచ్చుటను దర్బారు భాషలో తన్‌ఖా యనిరి. మనము నేడు రిజిస్ట్రీ కచేరీలో వాడు తనఖా యను మాట దీని సంబంధమే. ఇల్లు తనఖా పెట్టినవాడు ఇంటిలోనే యుండును. తాలూకా తనఖాలో ఎవరెచ్చట నుండిరి? ఇది మన పల్లెలకు సంబంధించిన భాగము గనుక కొంచెము నిలిచి చెప్పుదును.

ఆ కాలమున తెలంగాణమున తాలూకాలను ఇజారాకిచ్చుచుండిరి. ఎవడు నజరానా ఎక్కువ దెచ్చునో వాడు తాలూక్‌దారు. నజరానాకు షావుకారు వద్ద అప్పు. ఆ అప్పునకు రాబోవు పంటయే ఆధారము. తాలూక్‌దారు క్రింద నాయబు, నాయబు క్రింద దేశముఖు, దేశముఖు క్రింద పటేలు, పట్వారి. ఇందులో ఎవనికిని తన పదవి వచ్చే యేటి వరకు నిలుచునను నమ్మకము లేదు. మరియొకడు ఎక్కువ పాట పాడినచో మొదటివాడు నడుమ పంటలోనే దిగిపోవలెను. దిగిపోయినవాడు వసూలు చేసినది వచ్చినవాని లెక్కలో జేరదు. రైతు ఒక్క పంటకు రెండుమారులు చెల్లించుకొనవలసినదే.

మన సీమ మెట్టసీమ. డిండి, మూసీ, దుందుభి వంటి యేర్లున్నను అవి వానకారు నదులు. మనకు బ్రదుకుదెరువు చెరువులు, కుంటలు. చెరువనునది ఒక్క యేటి సొత్తు గాదు. ఈ యేడు కట్టపై మన్ను పోసినవాడు రాబోవు పదేండ్లు ఫలమనుభవించును. ఒక్క యేటికి, ఒక్కొక్కప్పుడు ఆరు నెలలకు, తాలూకా పట్టినవాడు తూము బాగుచేయించునా? గండిపడిన కట్ట అట్లే యుండును. ఆయకట్టు బీడగును. బీడైన భూమి శిస్తును కూడ ఉన్న రైతులపై వేయుదురు. అప్పుడు రైతు చేయగలిగినది యొక్కటే: రాత్రివేళ ఎడ్లను, పిల్లలను దోలుకొని మరియొక యిజారాదారు పొలిమేరలోనికి పోవుట. వలసయను మాట పాలమూరు సీమకు ఇటీవల తగులుకొన్నది గాదు. దర్బారు లెక్కలలో అప్పు పెరిగినకొలది పల్లె లెక్కలలో పొయ్యిలు తగ్గెను.

ఇక 60 లక్షల అప్పు. 1820లో చందూలాల్ పేర పామర్ కోఠి కలకత్తాకు విన్నపము పంపెను. అక్కరలేని దండులను తీసివేయుటకు వారి బాకీ జీతములు, పాత షావుకార్ల అప్పులు, రైతులకు తకావీ — ఈ మూడింటికి నూటికి 18 మిత్తిపై 60 లక్షలిచ్చెదమనిరి. చూచుటకు ఇంతకంటె ధర్మకార్య మేమున్నది? మిత్తియు 25 నుండి 18కి దిగినది. కలకత్తా కౌన్సిలులో అభిప్రాయములు సరిసమానముగ చీలెను. హేస్టింగ్సు ప్రభువు తన వోటు వేసి అనుమతి నిచ్చెను.

ఆ సంవత్సరము నవంబరులో చార్లెస్ మెట్కాఫ్ రెసిడెంటై హైదరాబాదు వచ్చెను. అతడు లెక్కలు చదువగల మనుష్యుడు. 60 లక్షలలో 8 లక్షలు మొదటనే భాగస్థుల బహుమానముగా తీసికొనబడెను. తక్కిన 52 లక్షలలో పెద్దభాగము కోఠివారి పాత బాకీనే కొత్త ఖాతాలో వ్రాసికొన్న లెక్క. ఖజానాకు కొత్తగ వచ్చిన రొక్కము స్వల్పము. ఇక తకావీ పల్లెకు జేరుట యెట్లు? 8 లక్షలు చేతబుచ్చుకొనక 60 లక్షలకు మిత్తి కట్టించుకొనుటచే, 18 అన్నది పేరుకే 18. మన షావుకార్లు సయితము నోటు వ్రాయించునప్పుడు మొదటి యేటి మిత్తిని మినహాయించుకొందురు గాని, ఎనిమిదవవంతు కంటె నెక్కువ మినహాయించుకొని దానిని బహుమానమనరు.

మెట్కాఫు, కంపెనీయే పూచీపడి నూటికి 6 మిత్తికి అప్పు తెప్పించి పామర్ కోఠి బాకీని తీర్చివేయుట మేలని కలకత్తాకు వ్రాసెను. హేస్టింగ్సు ప్రభువునకు కోపము వచ్చెను. రెండేండ్లు ఉత్తరముల యుద్ధము జరిగెను. కాని లండనులోని కంపెనీ డైరెక్టర్లు కోఠి వ్యవహారమును ఖండించిరి. 1823 ఆరంభమున హేస్టింగ్సు ఇంగ్లండునకు పోయెను. ఆ యేడే కంపెనీ సుమారు 80 లక్షల రూపాయలను చెల్లించి దర్బారును పామర్ బాకీనుండి విడిపించెను. 1824లో కోఠి దివాలా తీసెను. అందు సొమ్ము దాచుకొన్నవారు కొందరు బిచ్చగాండ్రైరి. ఆ వ్యవహారపు కాగితములన్నియు లండనులో అచ్చై, 1825లో కంపెనీ వాటాదార్ల సభలో తీవ్రమైన వాదములు జరిగెను.

ఇంతవరకు వినిన మెట్కాఫు మన పాలిటి ధర్మరాజని తోచును. అతడు నీతిమంతుడే, నేను కాదనను. కాని ఆ 80 లక్షలు కంపెనీ ధర్మముగ నిచ్చినవి గావు. శ్రీకాకుళము, రాజమహేంద్రవరము, ఏలూరు, కొండపల్లి, గుంటూరు సీమలు ఉత్తర సర్కారులు. మన నల్లగొండ జిల్లా దక్షిణపు పొలిమేరలో కృష్ణ దాటిన గుంటూరు సర్కారే. 1766, 1768 సంధులచే ఆ సీమలను కంపెనీ యనుభవించుచు నిజామునకు పేష్కషు చెల్లించుటకు ఒప్పుకొనెను. అది సాలీనా సుమారు 7 లక్షలు. ఆ పేష్కషును శాశ్వతముగ వదలుకొనుటకు ప్రతిగా వచ్చిన మొత్తమునుండి పామర్ బాకీ తీరెను. కృష్ణా గోదావరుల నడుమ నేల తన తాతముత్తాతలదను మాటకు నిజాము చేతిలో మిగిలిన ఆఖరి రుజువు ఆ 7 లక్షల రసీదే. అది 1823లో పోయెను. సర్ థామస్ రంబోల్డు కోరిక నలువదేండ్లు దాటిన పిమ్మట ఆయన మనుమని బాకీ తీర్చుటలో నెరవేరినది.

మెట్కాఫు మరియొక పని చేసెను. ఇంగ్లీషు సర్దారులను తాలూకాలకు పంపి, పటేళ్లతో గూర్చుండి, ఊరూరికి కొన్నియేండ్లకు మార్పులేని శిస్తును కట్టించి కౌలు కాగితములిప్పించెను. ఆ కౌలునకు మించి వసూలు చేసినచో రైతు సర్దారు వద్దకు పోయి చెప్పుకొనవచ్చును. వలసపోయినవారు అచ్చటచ్చట తిరిగివచ్చిరి. అప్పుల మాట యెట్లున్నను, పల్లెకు ఒకపాటి ఊరట నిచ్చినది ఈ కౌలే. 1829లో సికందర్ జా మరణింపగా, కొత్త నిజాము నాసిరుద్దౌలా ఆ సర్దారులను పిలిపించుకొనుడని కోరెను, కంపెనీ పిలిపించుకొనెను. స్వతంత్రత దృష్టితో అది సరియైన కోరికయే. కాని వారు పోయిన చోట ఇజారాదారే మరల గూర్చుండెను. రైతునకు స్వతంత్రత దొరకలేదు.

కంటింజెంటు జీతము ఆగదు. చందూలాల్ మరల అప్పులకు బయలుదేరెను. పెస్తన్‌జీ యను పారసీ వర్తకుల కోఠి ముందుకు వచ్చి బీరారు తాలూకాలను తన్‌ఖాగా పట్టెను. అదియు కడకు కూలెను. అరబ్బు జమేదార్లు, రోహిలాలు అప్పులిచ్చి తాలూకాలను స్వాధీనము చేసికొని, బాకీదార్లను తమ సొంత బందిఖానాలలో బెట్టిరి. 1843లో చందూలాల్ పదవి వదలెను. ఆ పిమ్మట జీతములకు సొమ్ము చాలనపుడెల్ల కంపెనీ తన ఖజానానుండియే కంటింజెంటునకు ఇచ్చి, నిజాము పేర 6 మిత్తికి వ్రాసికొనసాగెను. నడుమ కోఠి లేదు, బహుమానము లేదు, లంచము లేదు. లెక్కలన్నియు స్వచ్ఛము. నిజాము తన ఆభరణములను సైతము తాకట్టు పెట్టి కొంత తీర్చెను గాని బాకీ మరల పెరిగెను.

1853 మే 21న లెక్క తేలెను. గవర్నరు జనరలు డల్హౌసీ తగాదా మీద నాసిరుద్దౌలా బీరారును, ధారాశివమును, మన పాలమూరు పొలిమేర నానుకొనియున్న రాయచూరు దోఆబును కంపెనీ వశము చేయు సంధిపై మొహరు వేసెను. అప్పటి బాకీ 40 లక్షలకు పైచిలుకు మాత్రమే. పామర్ కోఠికి దర్బారు బాకీపడినది దానికి దాదాపు రెట్టింపు. అయినను పామర్ ఒక్క తాలూకాను శాశ్వతముగ తీసికొనిపోలేదు. 25 మిత్తివాడు చేయలేనిది 6 మిత్తివాడు చేసెను. ఇచ్చట నొక చిత్రము. పామర్ కుమార్తెను వివాహమాడిన మెడోస్ టేలర్ దొరయే, ఠగ్గుల కథ వ్రాసి పేరుపొందినవాడు, 1853లో అట్లు పోయిన సీమలలో నల్‌దుర్గ్ జిల్లాకు అధికారియై పోయెను. మామగారి తన్‌ఖా ముగిసిన రాజ్యమున అల్లునకు కంపెనీ తన్‌ఖాలో కొలువు దొరికెను. మంచి అధికారి యనియే పేరు తెచ్చుకొనెను.

ఇట్టిది మన యొక్క రాజ్యమునకే జరిగినదని తలపరాదు. ఇరువదియేండ్ల తరువాత ఈజిప్టు పాలకుడు లండను, పారిసు బ్యాంకుల అప్పులలో మునిగి, 1875లో సూయజు కాలువలో తన వాటాలను 40 లక్షల పౌనులకు ఇంగ్లండునకు అమ్మెను. 1876లో ఋణదాతల ప్రతినిధులు కైరోలో కచేరీ పెట్టి రాబడిని వసూలు చేసికొనిరి. 1882లో ఇంగ్లీషు సైన్యము దిగెను. నైలు నది రైతును గూర్చి చదివినప్పుడెల్ల నాకు మూసీ యొడ్డు జ్ఞప్తికి వచ్చును. అయితే ఈజిప్టు అప్పులో కొంత కాలువలైనను, రైలు దారులైనను అయ్యెను. మన అప్పు దండు జీతములుగా ఆవిరియయ్యెను.

సంధియైన పదిదినములకు, 1853 మే 31న, ఇరువదినాలుగేండ్ల సాలార్ జంగు దివానయ్యెను. ఖజానాలో చిల్లిగవ్వ లేదు. అతడు చేసిన మొదటి పని కొత్త అప్పు తెచ్చుట కాదు, తన్‌ఖాలను విడిపించుట. అరబ్బుల, రోహిలాల లెక్కలు తీయించి, న్యాయమైన బాకీని వాయిదాలపై చెల్లించి, తాలూకాలను ఒక్కొక్కటిగ సర్కారు చేతికి తెచ్చెను. ఇజారాను తీసివేసి, జీతగాండ్రైన తాలూక్‌దార్లను నియమించెను. 1865లో జిల్లాబందీ యయ్యెను. నల్లగొండ జిల్లాయు, పిదప 1890లో మహబూబునగరను పేరు పొందిన జిల్లాయు ఆ యేర్పాటు ఫలములే. శిస్తు రొక్కముగ, రైతు పేర, పట్వారి బహిలో వ్రాయబడుట అప్పుడు మొదలాయెను. రాబడి హెచ్చెను, మాట నిలిచెను, షావుకార్లు సాలార్ జంగు చీటీకి అప్పియ్యసాగిరి.

అందులోని లోపము నొకదానిని మరుగుపరచరాదు. వసూలునుండి తప్పించిన దేశముఖులకు రుసుములు కట్టించిరి. భూములు వారి పేర నిలిచెను. నల్లగొండలో 1946లో అంటుకొన్న మంటకు కట్టెలు అప్పుడే పేర్చబడెనని నా యభిప్రాయము. దానిని గూర్చి వేరొక ప్రసంగము కావలెను.

పామర్ దొర 1867 వరకు హైదరాబాదులోనే బ్రదికెను. తన కోఠికి రావలసిన బాకీలకై ముసలితనమువరకు తగవులాడెను. ఈ నేలను విడిచి ఇంగ్లండునకు పోవలెనని యతనికి తోచినట్లు లేదు. మృత్తికయు ఇచ్చటిదే.

ఇక బీరారు. 1857 తిరుగుబాటులో దర్బారు ఇంగ్లీషువారి పక్షమున నిలిచినందులకు 1860 సంధిలో 50 లక్షల బాకీని రద్దుచేసి, రాయచూరును, ధారాశివమును తిరిగి యిచ్చిరి. బీరారును మాత్రము ఉంచుకొనిరి. 1853 సంధిలో, బీరారు రాబడిలో ఖర్చులు పోగా మిగిలినది నిజామునకు లెక్కచెప్పి ఇత్తుమని యుండెను. 1860 సంధిలో, జరిగిన కాలమునకు గాని జరుగబోవు కాలమునకు గాని నిజాము లెక్కలడుగరాదని వ్రాయించిరి. అప్పు రద్దయినది, కుదువ నిలిచినది, లెక్క యడుగు హక్కు పోయినది. ఆ వెంటనే అమెరికాలో యుద్ధము వచ్చి ప్రత్తి ధర యాకాశమునంటెను. బీరారు ప్రత్తిభూమి.

సాలార్ జంగు ఆ సీమకై పదేండ్లకు పైగా వ్రాసెను. కంటింజెంటు జీతమునకు చాలునంత మిత్తి వచ్చు మూలధనమును ఇంగ్లీషువారి వద్దనే దాఖలు చేసెదను, బీరారు ఇండని 1872లో కోరెను. బాకీదారు అసలును చేతబట్టుకొని గుమ్మమున నిలుచున్నాడు, షావుకారు పుచ్చుకొనననెను. 1876లో లండనుకే పోయి యడిగెను. విందులు చేసిరి, బిరుదులిచ్చిరి, బీరారు నియ్యలేదు. 1883 ఫిబ్రవరిలో ఆయన మరణించెను. 1902లో కర్జను ప్రభువు కాలమున సాలీనా 25 లక్షలకు బీరారును శాశ్వతపు కౌలుగా వ్రాయించుకొనిరి. 1900వ సంవత్సరపు కరవులో హైదరాబాదు రాజ్యము హిందూదేశ ప్రభుత్వమువద్ద అప్పు తెచ్చియుండెను. కౌలు రొక్కములో కొంత భాగమును కొన్నియేండ్లవరకు ఆ అప్పుల క్రింద మినహాయించుకొనిరి.